మా పాటే అడగండి: తెలుగు కంపెనీల ప్రకటనల విభాగాలకు ఒక డ్రమ్మర్ బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో వ్యాపారం చేస్తున్న కంపెనీల ప్రకటనల విభాగాలవారికి, ఆ ప్రకటనలు తయారుచేసే ఏజెన్సీలవారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాను. మాది హనుమకొండ. బ్యాండ్‌లో నలుగురం, అందరికీ పగలు ఉద్యోగాలున్నాయి. వారానికి రెండు సాయంత్రాలు యూసుఫ్‌గూడలో గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక జామ్‌రూమ్‌లో ప్రాక్టీసు చేస్తాం. ఆరేళ్ళలో పదకొండు సొంత పాటలు తయారయ్యాయి. బ్యాండ్లవాళ్ళ వాడుకలో వీటిని ఓసీలంటాం, అంటే ఓన్ కంపోజిషన్లు. వేరేవాళ్ళ పాట వాయిస్తే అది కవర్. మన దగ్గర కవరంటే దాదాపు ఎప్పుడూ సినిమా పాటే. ఈ ఉత్తరం ఓసీల గురించి రాస్తున్నాను.

పోయిన దసరాకు ముందు ఒక పెద్ద షోరూమ్ ప్రారంభానికి మమ్మల్ని పిలిచారు. మన ఊరి కుర్రాళ్ళ సంగీతాన్ని జనానికి పరిచయం చేస్తామన్నది వాళ్ళ ప్రచారం. నలభై నిమిషాల సెట్‌లిస్ట్ ముందే పంపించాం, అన్నీ మా పాటలే. బాగుందన్నారు. తీరా సౌండ్‌చెక్ అవుతుండగా ఈవెంట్ చూసుకుంటున్నాయన వచ్చి, "తమ్ముడూ, పైవాళ్ళు సినిమా పాటలే కావాలంటున్నారు, మీదొకటి మధ్యలో పెట్టుకోండి చాలు" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు పైనుంచి వచ్చిన మాటే చెప్పాడు. ఏడు సినిమా పాటలు వాయించి, మాదొకటి వాయించి దిగిపోయాం.

రెండు వారాల తర్వాత ఆ సంస్థ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ పెట్టింది. పట్టుచీరలు ఒక్కొక్కటే కదులుతుంటే వెనక మా పాట పల్లవి వినబడుతోంది. అది డిపో నుంచి తెల్లవారకముందే బయల్దేరే మొదటి బస్సు మీద మా గిటారిస్ట్ రాసిన పాట. బ్యాండ్ పేరు ఎక్కడా లేదు. కింద కామెంట్లలో మాత్రం, "ఈ పాట ఏ సినిమాలోది?" అని మనిషి తర్వాత మనిషి అడుగుతున్నారు. అది మా పాటేనని, ఫలానా పేరుతో వెతకమని ఒక కామెంట్‌కు జవాబు పెట్టాం. సాయంత్రానికి ఆ జవాబు తీసేశారు.

ఆ రాత్రి నేను ఆ కామెంట్లు చదువుకుంటూ కూర్చున్నాను. డబ్బు రాలేదన్న బాధకంటే ఇది పెద్ద బాధ. ఆరేళ్ళుగా మేం వెతుకుతున్న మనుషులు అక్కడే ఉన్నారు, మా పాట నచ్చి, పేరు చెప్పమని అడుగుతున్నారు. చెప్పే దారి మాత్రం మూసేశారు. కొత్త బ్యాండ్‌కు మీ ప్రచారం వల్ల ఏం జరగాలన్న ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది. విన్నవాళ్ళు మీ ప్రకటన దగ్గర ఆగిపోకుండా మా దాకా రాగలగాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

తెలుగువాళ్ళు సినిమా పాట తప్ప వినరని మీ మీటింగుల్లో అంటారని విన్నాను. మా నానమ్మ ఆ మాట ఒప్పుకోదు. ఆకాశవాణిలో 'ఈ మాసపు పాట' అని ఒక కార్యక్రమం వచ్చేదని, నెలకో కొత్త పాట నేర్పేవాళ్ళని, తను నోట్‌బుక్‌లో రాసుకుని నేర్చుకునేదని చెప్తుంది. అవి సినిమా పాటలు కావు, లలిత సంగీతం. కృష్ణశాస్త్రి గారి గీతాలు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు కట్టిన బాణీలు ఇళ్ళల్లో పాడుకున్నారు. ఆ పాటలు జనంలోకి వెళ్ళడానికి ఒక కారణం రేడియో వాటిని పదే పదే వినిపించడం, ఎవరు రాశారో ఎవరు స్వరపరిచారో ప్రతిసారీ చెప్పడం. ఇప్పుడు ఆ పని చేయగల డబ్బు, తెరలు, హోర్డింగులు మీ చేతిలో ఉన్నాయి.

వ్యాపార సంస్థలు పాటను మోయడం కొత్త సంగతేమీ కాదు. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో మొదలైన హిందీ పాటల కార్యక్రమం గీత్‌మాలాకు ఒక టూత్‌పేస్ట్ పేరు పెట్టారు. బినాకా పేస్ట్ ఎప్పుడూ వాడని ఇళ్ళల్లో కూడా ఆ పేరు ఇంకా గుర్తుంది. అది సినిమా పాటల కార్యక్రమమే అనుకోండి. అయినా ఏళ్ళ తరబడి, వారం వారం, ఒకే వేళకు వచ్చింది. మన దగ్గర ఇప్పుడు నడిచే ప్రచారాలు పండగకు మొదలై పండగతో ముగిసిపోతాయి. కొత్త పాట చెవికి అలవాటు కావడానికే అంతకన్నా ఎక్కువ రోజులు పడుతుంది.

దక్షిణాదిలోనే ఉన్న కేరళ వైపు చూడండి. 2013లో మాతృభూమి సంస్థ కప్పా టీవీ అనే ఛానెల్ పెట్టి, అందులో మ్యూజిక్ మోజో అనే కార్యక్రమం నడిపింది. స్టూడియోలో బ్యాండ్‌ను నిలబెట్టి, మంచి మైకులు, మంచి లైట్లు ఇచ్చి, లైవ్‌గా వాయించినదాన్ని ప్రసారం చేయడమే ఆ కార్యక్రమం. తైక్కుడం బ్రిడ్జ్ అనే బ్యాండ్ అక్కడి నుంచే ఇల్లిల్లూ చేరింది. కొచ్చిలో వాళ్ళు కలిసి సాధన చేసిన పేట పేరే బ్యాండ్‌కు పెట్టుకున్నారు. వాళ్ళు అక్కడ పాత సినిమా పాటల మాలికా పాడారు, కేరళ చేపల మీద సొంతంగా రాసుకున్న పాటా పాడారు. తెలిసిన పాట కోసం ఆగినవాడు తెలియని పాటకూ ఉండిపోయాడు. సినిమా పాట అసలు వాయించం అని మేం మొండికేయట్లేదు. ఏడు వాయించి ఒకటి మాది వాయించమంటేనే బాధ. మీ ఈవెంట్‌లో మూడు కవర్లు, నాలుగు ఓసీలు పెట్టి చూడండి. జనం ఎక్కడికీ వెళ్ళిపోరు.

కోకాకోలా కంపెనీ నడిపే పాటల కార్యక్రమం కోక్ స్టూడియో గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. బ్రెజిల్‌లో 2007లో నడిచిన ఒక కార్యక్రమం నుంచి ఆలోచన తీసుకుని 2008లో పాకిస్తాన్‌లో మొదలైంది. 2011లో ఎమ్‌టీవీ ద్వారా మన దేశానికి, 2022లో బంగ్లాదేశ్‌కు వెళ్ళింది. 2023లో తమిళానికి ప్రత్యేకంగా ఒకటి, అనేక భాషలు కలిపి భారత్ పేరుతో ఒకటి వచ్చాయి. అక్కడ పాటల్లో కూల్‌డ్రింక్ గురించి ఒక్క మాట ఉండదు. షే గిల్ అనే లాహోర్ అమ్మాయి అంతకుముందు ఇన్‌స్టాగ్రామ్‌లో కవర్లు పాడి పెట్టుకునేది. 2022లో అక్కడ అలీ సేఠీతో కలిసి పాడిన ఒక్క పాటతో సరిహద్దుకు ఇవతల మన పెళ్ళి బరాత్‌ల దాకా వచ్చేసింది. తెర మీద ఆమె పేరు స్పష్టంగా ఉంది. ఆ పేరు పట్టుకుని వెతికితే ఆమె దొరికింది.

తమిళానికి వేరే సీజన్ వచ్చిన రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో అందరం దాన్నే పంచుకున్నాం. సంతోషించాం. మా కీబోర్డిస్ట్ మాత్రం ఒక్క ముక్క రాసి ఊరుకుంది: "మన భాషలో ఇలాంటిది కావాలంటే అమెరికా కంపెనీ కోసం ఎందుకు ఎదురుచూడాలి?" ఆ ప్రశ్నను అప్పటి నుంచి మోస్తున్నాను. పాలు, పచ్చళ్ళు, బంగారం, బట్టలు, సిమెంట్, మందులు, కోచింగ్, ఇళ్ళ స్థలాలు... తెలుగువాళ్ళ డబ్బుతో ఎదిగిన కంపెనీలు ఎన్ని లేవు! దసరా సీజన్‌లో పేపర్ తెరిస్తే మొదటి నాలుగు పేజీలు మీవే.

ఇప్పటిదాకా మా లాంటి బ్యాండ్లకు కాస్తో కూస్తో ఖర్చు పెట్టింది ఎక్కువగా మద్యం కంపెనీలు. టీవీలో మద్యం ప్రకటనలకు అనుమతి లేదు కాబట్టి సోడా, మ్యూజిక్ సీడీలు, సంగీతోత్సవాల పేరుతో ఆ బ్రాండ్లు జనం ముందుకొచ్చాయి. 2010లో పుణేలో బకార్డీ పేరుతో మొదలైన ఎన్‌హెచ్ 7 వీకెండర్ అనే సంగీతోత్సవం దేశంలో ఎన్నో బ్యాండ్లకు పెద్ద స్టేజీ ఇచ్చింది, ఆ మేలు మరిచిపోకూడదు. కానీ దాని వల్ల బ్యాండ్ సంగీతమంటే పబ్బులో రాత్రి తొమ్మిది తర్వాత జరిగేదన్న పేరు పడింది. రెండు రాష్ట్రాల్లోనూ మద్యానికి చట్టప్రకారం 21 ఏళ్ళు నిండాలి. మా పాట వినాల్సిన ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు ఆ తలుపు దాటి లోపలికి రాలేరు. మా అమ్మా నాన్నా ఇంతవరకు మా షో ఒక్కటి కూడా చూడలేదు. పబ్బుకు రమ్మని వాళ్ళను ఎలా పిలవను? పాల కంపెనీయో పుస్తకాల కంపెనీయో పిలిస్తే ఆదివారం సాయంత్రం ఐదింటికి ఏదైనా పార్కులో వాయిస్తాం. మా అమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది.

ఇక పని ఎలా చేయాలన్నది. ఇక్కడ కొంచెం విడమర్చి చెప్తాను, ఎందుకంటే మంచి మనసుతో చేసిన ప్రచారాలు కూడా ఈ చిన్న విషయాల దగ్గరే దెబ్బతింటున్నాయి.

పాటను మీ ఛానెల్‌లో మాత్రమే పెడితే, నచ్చినవాడు మిమ్మల్ని సబ్‌స్క్రైబ్ చేసుకుంటాడు. నెల తర్వాత మీ ఛానెల్‌లో డిస్కౌంట్ ప్రకటన వస్తుంది, మా రెండో పాట రాదు. పూర్తి పాట బ్యాండ్ ఛానెల్‌లోనే ఉండాలి. మీరు దాని ముక్క వాడుకుని అక్కడికి దారి చూపించాలి. రీల్ చేసేటప్పుడు వీడియోలో పాటను కలిపేసి అప్‌లోడ్ చేస్తే ఇన్‌స్టాగ్రామ్ దాన్ని మీ పేజీ తాలూకు ఒరిజినల్ ఆడియో అని చూపిస్తుంది. ఎంతమంది ఆ శబ్దంతో రీల్స్ చేసినా అందరి తెర మీదా మీ పేరే వస్తుంది. మేం పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా ముందే పాటను ఇన్‌స్టాగ్రామ్ లైబ్రరీలోకి పంపుతాం. మీరు అక్కడి నుంచి తీసుకుని వాడితే పాట పేరు, బ్యాండ్ పేరు వాటంతటవే కనిపిస్తాయి. మీకు రూపాయి ఖర్చు లేదు. రెండు రోజుల ముందు మాకు ఒక ఫోన్ చేస్తే చాలు.

మీరు ఇచ్చే చిన్న ఊపు మాకు ఎంత పెద్దదో ఒక లెక్క చెప్తాను. 2024 నుంచి పాటలు వినే యాప్ స్పాటిఫైలో ఏడాదికి కనీసం వెయ్యి సార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. పెద్దవాళ్ళకు వెయ్యి ఒక గంట పని. మాలాంటివాళ్ళ పాటలు చాలావరకు ఆ గీతకు కిందే ఉండిపోతాయి.

కాంట్రాక్టుల సంగతి కూడా చెప్పాలి. మాకు వచ్చిన కాగితాల్లో 'శాశ్వతంగా, విశ్వమంతటా, అన్ని మాధ్యమాల్లో' అన్న మాటలు చదివాం. పదిహేను రోజుల ప్రచారానికి శాశ్వతమెందుకు? 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాట రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ తమ రాయల్టీ వాటాను వారసులకో, రాయల్టీలు వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేకుండా చేశారు. బదిలీకి కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళనే చట్టం లెక్క వేస్తుంది. ఫలానా పాట నాదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్‌లో ఉంది. ఇవి తెలియక సంతకాలు పెట్టే ఇరవై ఏళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ తెలియనితనం మీద మీ లాయర్లు కాగితం తయారు చేయకూడదని చేతులు జోడించి అడుగుతున్నాను. ఇన్ని నెలలు, ఇన్ని మాధ్యమాలు, ఇంత డబ్బు అని ఒక పేజీలో తెలుగులో రాసివ్వండి, చదివి సంతోషంగా సంతకం పెడతాం.

హక్కులు బ్యాండ్ దగ్గరే వదిలేసినా కంపెనీకి నష్టమేమీ రాలేదనడానికి కన్వర్స్ బూట్ల కంపెనీ ఉంది. 2011లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రబ్బర్ ట్రాక్స్ పేరుతో స్టూడియో తెరిచి, ఎంపికైన కొత్త బ్యాండ్లకు ఉచితంగా రికార్డింగ్ చేసిపెట్టింది. రికార్డు చేసిన పాట మీద హక్కు బ్యాండ్‌దే. నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా నచ్చిన ప్రచారం ఇదే, ఎందుకంటే కొత్త బ్యాండ్ దగ్గర నిజంగా లేనిది మంచి రికార్డింగ్. మా మొదటి రెండు పాటలు బెడ్‌రూమ్ కిటికీలకు దుప్పట్లు కట్టి రికార్డు చేసినవి. షోరూమ్ ప్రారంభం రోజు స్టేజీ మీద పూలకు పెట్టే ఖర్చుతో ఒక బ్యాండ్ మూడు పాటలు సరైన స్టూడియోలో పూర్తి చేసుకోగలదు.

అప్పటికే ఉన్న పాటను తీసుకోవడం మరో దారి. 2007లో ఆపిల్ సంస్థ ఐపాడ్ నానో ప్రకటనకు కొత్తగా జింగిల్ చేయించకుండా, కెనడా గాయని ఫైస్ట్ అదే ఏడాది విడుదల చేసిన ఆల్బమ్‌లోంచి ఒక పాట తీసుకుంది. ఆ పాట అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ఎనిమిదో స్థానానికి వెళ్ళింది. మన ఏజెన్సీలు మమ్మల్ని పిలిస్తే మొదట అడిగేది, "మా కంపెనీ పేరు పల్లవిలో వచ్చేలా ఏదైనా చేస్తారా?" అని. చేస్తాం, బతుకుతెరువు కోసం చేశాం కూడా. కానీ అది మా పాటను పరిచయం చేయడం ఎలా అవుతుంది? మా పదకొండు పాటలూ ఒకసారి వినండి. వానలో నిలబడి ఎదురుచూడటం మీద ఒకటుంది, గొడుగుల కంపెనీకి సరిపోతుంది. అమ్మ ఫోన్ ఎత్తకపోతే వచ్చే టెన్షన్ మీద ఒకటుంది. తెలుగులో పాడే మిగతా బ్యాండ్లవీ వినండి. 2020లో కరోనా మీద చౌరస్తా బ్యాండ్ చేసిన పాట ఎన్ని ఇళ్ళకు చేరిందో మీకు గుర్తుండే ఉంటుంది. సినిమా లేకుండానే చేరింది.

చివరిగా మా సొంత అనుభవం ఇంకొకటి చెప్పాలి, మొదట చెప్పినదానికి పూర్తిగా వేరైనది.

మా బేస్ గిటారిస్ట్ వాళ్ళ బాబాయ్‌కి హనుమకొండ, కాజీపేటల్లో కలిపి మూడు టిఫిన్ సెంటర్లున్నాయి. పొద్దున ఐదింటికే తెరుస్తారు. ఆయనకు బ్యాండంటే ఏమిటో పెద్దగా తెలియదు. మా బస్సు పాట ఫోన్‌లో విని, "ఈ టైముకు మా దగ్గర తినేవాళ్ళంతా బస్సులెక్కేవాళ్ళే రా" అన్నాడు. పార్శిల్ కవర్ల మీద తన హోటల్ పేరు పైన చిన్నగా వేయించి, మధ్యలో మా పాటలోని రెండు లైన్లు, బ్యాండ్ పేరు, ఒక క్యూఆర్ కోడ్ అచ్చు వేయించాడు. స్కాన్ చేస్తే నేరుగా మా ఛానెల్‌లోని పాటకు వెళ్తుంది. ఒక్క నెల నడిపాడు. ఏడాదంతా వెయ్యి దాటని పాట ఆ నెలలోనే దాటింది. నెల చివర హనుమకొండలో చిన్న హాలు తీసుకుని షో పెడితే కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారు. అక్కడికి మా అమ్మా నాన్నా రాలేకపోయారు, నాన్నకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది.

ఆ షో అయ్యాక ఒక పెద్దాయన స్టేజీ దగ్గరకు వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడట. ఇడ్లీ పార్శిల్ కవర్ మడత పెట్టి జేబులో తెచ్చుకున్నాడు. "మొదటి బస్సు మీద పాట రాసింది మీరేనా?" అని అడిగాడు. అవునన్నాం. పాట బాగుందని, కానీ ఒక తప్పుందని చెప్పాడు. మంథని వెళ్ళే మొదటి బస్సు తను నడిపిన రోజుల్లో నాలుగున్నరకు కాదు, నాలుగూ పదికే బయల్దేరేదట. చలికాలం అద్దం తుడుచుకోవడానికే పది నిమిషాలు ముందు వచ్చేవాడట. అరగంట సేపు మా నలుగురితో నిలబడి మాట్లాడాడు. ఇన్నేళ్ళలో మా పాట గురించి బయటి మనిషి ఒకరు మాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

ఆయన్ని మా దగ్గరకు పంపింది ఒక టిఫిన్ సెంటర్ కవర్. మీ దగ్గర అంతకన్నా చాలా పెద్ద కవర్లున్నాయి: లక్షల పాల ప్యాకెట్లు, నగల డబ్బాలు, బస్సుల వెనక బోర్డులు, ఎఫ్‌ఎమ్‌లో గంట గంటకూ కొన్న సెకన్లు.

దసరా ప్రకటనల పని మీ ఆఫీసుల్లో ఆషాఢంలోనే మొదలవుతుందని తెలుసు. ఈసారి మొదలుపెట్టే ముందు ఒక్క సాయంత్రం కేటాయించండి. మేం మంగళవారం, శనివారం ఏడింటి నుంచి జామ్‌రూమ్‌లో ఉంటాం. మా పక్క గదిలో, పై అంతస్తులో ఇంకో రెండు తెలుగు బ్యాండ్లు ప్రాక్టీసు చేస్తుంటాయి, వాళ్ళనీ వినొచ్చు. పదకొండు పాటలూ వరుసగా వాయిస్తాం. బస్సు పాటలో టైము సరిచేశాం, ఇప్పుడు నాలుగూ పది అనే పాడుతున్నాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో ఒక తెలుగు బ్యాండ్ డ్రమ్మర్